వాకిట్లో మంచుతాత

మా మనుమడు నన్ను వాకిట్లో నిలబెట్టిన మంచుబొమ్మ అన్నాడు. అదీ నలుగురిలో, అదీ తెలుగులో కాదు. వాడన్నది నాకర్థం కాలేదు గనుక ఆ పూట కోపం రాలేదు. అర్థం తెలిసిన తరువాత వచ్చినది కోపం కాదు. ఆ సంగతే చెబుదామని కూర్చున్నాను.

నేను పుట్టింది గద్వాలలో. ఉద్యోగం చేసింది నాగర్‌కర్నూలు చుట్టుపక్కల పల్లెల్లో. ఇల్లు కట్టుకొన్నది వనపర్తిలో. ఈ మూడూ ఒకే పాలమూరు జిల్లాలో ఉండేవి. 2016 అక్టోబరులో మూడూ మూడు జిల్లాలైనాయి. ఉన్నచోటనే ఉండి మూడు జిల్లాల మనిషినైపోయాను. ముప్పయ్యయిదేళ్ళు పిల్లలకు తెలుగు చెప్పి 2019లో పదవీ విరమణ చేశాను. నాకు ఒక్కడే కొడుకు. వాడు ఫిన్లాండులో, హెల్సింకి నగరాన్ని ఆనుకొని ఉన్న ఎస్పో అనే ఊళ్ళో కంప్యూటర్ల ఉద్యోగం చేస్తున్నాడు. నోకియా కంపెనీ పెద్ద కచేరీ ఉన్నది ఆ ఊళ్ళోనే; అందుకని మనవాళ్ళు అక్కడ బాగానే కనబడతారు.

మా ఆవిడ పోయిన తరువాత "నాయినా, ఒక్కనివి ఏం జేస్తవు, వచ్చి మా దగ్గర ఉండు" అని మావాడు ఒకటే పోరు. ఉండమనడం తేలికే. ఆ దేశపు చట్టం మాత్రం నా బోటి చుట్టపు చూపువాడిని తొంభై రోజులకు మించి ఉండనివ్వదు. తొంభై రోజులు! మా మనుమడికి ఆరేళ్ళు. ఆ ఆరేళ్ళలో వాణ్ణి నేను చూసింది రెండే రెండుసార్లు. తక్కినదంతా ఫోను తెర మీద చూడటమే. ఈ తొంభై రోజుల్లో వాడికి నేను తాతను కావాలి. ఆ పట్టుదలతో నవంబరు నెలాఖరున ఎస్పోలో దిగాను.

దిగినవాణ్ణి దిగినట్టే మూట కట్టారు. లోపల ఒక చొక్కా, దాని మీద ఉన్ని చొక్కా, దాని మీద దూది కోటు, కాళ్ళకు రెండు జతల మేజోళ్ళు, నెత్తికి టోపీ. గద్వాలలో వేసవి పగలు గోడ ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది. అక్కడ డిసెంబరులో సూర్యుడు తొమ్మిది దాటిన తరువాత లేచి, మూడుంబావుకల్లా వెళ్ళిపోతాడు. మన ఆఫీసుల్లో కొందరు గుమాస్తాలు గుర్తుకొచ్చారు. పిల్లలకు మాత్రం చీకటీ లేదు, చలీ లేదు. బొద్దుగా ఉన్న దూది సంచీల్లో దూరి, బడి వాకిట్లో మంచులో పొర్లుతుంటారు. చంటిపిల్లలను బండిలో పడుకోబెట్టి ఆరుబయట నిద్రపుచ్చే ఆచారం కూడా అక్కడ ఉంది. మొదటిసారి చూసినప్పుడు ఎవరో పిల్లను మరచిపోయి వెళ్ళారనుకుని హడావుడి పడ్డాను.

అసలు చిక్కు మనుమడితో వచ్చింది. వాడు నాతో మాట్లాడడు. కోపమేమీ లేదు; నవ్వుతాడు, ఒళ్ళో కూర్చుంటాడు. మాట మాత్రం రాదు. ఆ దేశంలో పిల్లలు ఏడేళ్ళకు గాని బడిలో చేరరు. అంతకు ముందు ఒక ఏడాది, ఆరో ఏట, బడి కాని బడి ఒకటుంటుంది. మావాడు అందులో ఉన్నాడు. పొద్దున్నుంచి సాయంత్రందాకా ఫిన్నిష్ భాష. ఇంటికొస్తే తండ్రిది పాలమూరు తెలుగు, తల్లిది తెనాలి తెలుగు. తండ్రి "ఎందుకు పరేషాన్ అయితవురా" అంటాడు, తల్లి "ఎందుకురా కంగారు" అంటుంది. పిల్లవాడు ఇద్దరికీ ఫిన్నిష్‌లోనే జవాబు చెప్పి తన ఆట తాను చూసుకుంటాడు. ఆ జవాబు ఇద్దరికీ సగమే అర్థమవుతుంది.

"నీకెన్నేళ్ళురా బాబూ?" అని తెలుగులో అడిగాను. "కూసి" అన్నాడు. ఏం కూసాడో తెలియలేదు. కోడలు చెప్పింది: "ఆరు అంటున్నాడు మావయ్యగారూ." మరునాడు కిటికీలోంచి కనబడే చెట్టును చూపించి ఇదేమిటి అన్నాను. "కూసి" అన్నాడు. నన్ను ఆట పట్టిస్తున్నాడనుకున్నాను. కాదట, ఆరుకూ అదే మాట, ఆ దేవదారు వంటి చెట్టుకూ అదే మాట.

సరే, వాడు నా దారికి రాకపోతే నేనే వాడి దారికి పోదామనుకొన్నాను. ఒక నోటుపుస్తకం కొనిపించుకుని ఫిన్నిష్ నేర్చుకోవడం మొదలుపెట్టాను. తెలుగు పంతులునన్న అహంకారం ఎక్కడికి పోతుంది? ఆ భాషలో పదిహేను విభక్తులు. దొరలు ఆ సంఖ్య విని మూర్ఛపోతారట. "డు, ము, వు, లు" అని ముప్పయ్యయిదేళ్ళు వల్లె వేయించినవాణ్ణి, నాకెందుకు భయం? పైగా ఆ భాష నడక మన భాష నడకే. మనం "ఇల్లు" చివర "లో" తగిలిస్తే ఇంట్లో అయినట్టు, వాళ్ళూ మాట తోకకే అన్నీ తగిలిస్తారు. హ్రస్వం, దీర్ఘం, ద్విత్వం ఎక్కడ తప్పినా కొంప మునుగుతుంది. తులి అంటే నిప్పు, తూలి అంటే గాలి, తుల్లి అంటే సుంకం. ఇంగ్లీషువాళ్ళు ఈ మూడూ ఒకే రకంగా రాసుకుని తంటాలు పడతారేమో గాని, మన లిపిలో ఎంత హాయిగా ఇమిడిపోయాయో చూడండి.

ఈ పోలిక నా ఒక్కడి కంటికే ఆనలేదు. 1856లో కాల్డ్వెల్ అనే పాదిరీ మన దక్షిణాది భాషలకు మొదటి తులనాత్మక వ్యాకరణం రాస్తూ, ఫిన్నిష్ వంటి ఉత్తరాది భాషలతో వీటికి చుట్టరికం కలపబోయాడు. ఆ చుట్టరికాన్ని తరువాతి పండితులు ఒప్పుకోలేదు. అయినా ఆ దేశానికి మన మీద దృష్టి పోలేదు. సింధులోయ ముద్రల మీది రాతలు ద్రావిడ భాషవని 1960ల నుంచి చదవబూనిన అస్కో పర్పోలా ఫిన్లాండు పండితుడే. ఈ సంగతులన్నీ మావాడు చెబితే తెలిసినవి. విని నేను మరింత ఉబ్బిపోయాను.

ఉబ్బు ఎన్నాళ్ళో నిలవలేదు. ఒకనాటి సాయంత్రం మనుమడి చెయ్యి పట్టుకుని పాలు కొనడానికి వెళ్ళాను. బల్ల దగ్గర అమ్మాయి ఏదో అడిగింది. పుస్తకంలో ఉన్న మాటలేవీ అందులో లేవు. "కీతోస్" అన్నాను, కృతజ్ఞతలు అని దానర్థం. ఆ అమ్మాయి మళ్ళీ అడిగింది. మళ్ళీ కృతజ్ఞత తెలియజేశాను. మూడోసారి కూడా. రసీదు కావాలా అక్కర్లేదా అని ఆమె అడుగుతూన్నదని తరువాత తెలిసింది. వెనుక వరుసలో పదిమంది. అప్పుడు మావాడు నా కోటు లాగి, ఆ అమ్మాయితో గంభీరంగా అన్నాడు:

"ఉక్కి ఒన్ ఇహన్ పిహల్ల, కుయిన్ లుమిఉక్కో."

ఆ అమ్మాయి నవ్వింది. వెనుకవాళ్ళూ నవ్వారు, ఆ దేశంలో వరుసలో నిలబడ్డవాళ్ళు నవ్వడం అంత సులువైన పని కాదు. అందరూ నవ్వేసరికి వీడు నన్ను పరిచయం చేశాడనుకుని నేనూ నమస్కారం పెట్టాను. "ఉక్కి" అంటే తాత అని అప్పటికి తెలుసు. తక్కినది "మా ఊరినుంచి వచ్చాడు" వంటిదేదో అయివుంటుందనుకున్నాను. ఇంటికి రాగానే నోటుపుస్తకంలో అక్షరం పొల్లు పోకుండా రాసుకున్నాను.

అంతటితో ఊరుకున్నానా? రెండు రోజుల తరువాత లిఫ్టులో పక్కింటి ముసలమ్మగారు కనిపించారు. ఏదైనా నాలుగు మాటలాడాలి గదా అని, గుండె మీద చెయ్యి పెట్టుకుని, స్పష్టంగా, వ్యాకరణ యుక్తంగా అప్పగించాను: "ఉక్కి ఒన్ ఇహన్ పిహల్ల." ఆవిడ ముఖంలో జాలి ముంచుకొచ్చింది. నా మోచెయ్యి పట్టుకుని, నెమ్మదిగా నడిపించుకుంటూ మా గుమ్మం దాకా తీసుకొచ్చి, గంట కొట్టి, కోడలికి నన్ను అప్పజెప్పి వెళ్ళింది. నేను దారి తప్పిన ముసలివాణ్ణనుకున్నది మహాతల్లి!

ఆ రాత్రి మావాడు పొట్ట పట్టుకుని నవ్వి, తరువాత చెప్పాడు. పిహ అంటే వాకిలి. పిహల్ల అంటే వాకిట్లో. ఇహన్ అంటే పూర్తిగా. ఫలానావాడు "పూర్తిగా వాకిట్లో ఉన్నాడు" అంటే వాడికి జరుగుతున్నదేమీ తలకెక్కడం లేదని, అయోమయంలో ఉన్నాడని. మరీ ముదిరితే "మంచుబొమ్మలాగా వాకిట్లో ఉన్నాడు" అంటారు. ఇది పుస్తకాల భాష కాదు, వాడుక మాట.

"నాయినా, ఏమనుకోకు. వాడు తిట్టలే. నీ తరఫున ఆ పిల్లకు జెప్పిండు, అంతే."

"లుమిఉక్కో అంటే?"

"లుమి అంటే మంచు. ఉక్కో అంటే ముసలాయన. మంచు ముసలాయన."

చూశారూ, మనం మంచుబొమ్మ అనేదాన్ని వాళ్ళు మంచుముసలి అంటారు. తాతను పిలిచే ఉక్కి కూడా ఆ ఉక్కోలోంచే వచ్చింది. అంటే మా మనుమడు నన్ను వాకిట్లో మంచుతాతను చేశాడు. వనపర్తిలో ఉక్క పోస్తున్నదంటే ఒకటే చెమట. ఎస్పోలో ఉక్కో అంటే మంచుగడ్డ.

నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పంతులు బుద్ధి, పడుకుని మన మాటలు లెక్కబెట్టడం మొదలుపెట్టాను. తికమక, గజిబిజి, గందరగోళం, అయోమయం. ఈ అయోమయం విచిత్రమైనది. సంస్కృతంలో ఆ మాటకు ఇనుముతో చేసినదని అర్థం. ఇనుమెక్కడ, బుర్ర తిరగడమెక్కడ! బుర్ర ఇనుపముద్ద అయిపోతే ఇంకేమీ దూరదని ఎవరికి వారు సమాధానపడాలి. కుడితిలో పడ్డ ఎలుక అంటాం. దిక్కు తోచడం లేదంటాం. అది మాత్రం కొంత ఫిన్నిష్ మాటకు దగ్గర, ఎందుకంటే తప్పినది స్థలం. ఆ దేశంలోనే ఇంకో మాట కూడా ఉందట. చెబుతున్నది అర్థమవుతున్నదా అని అడగడానికి "బండి మీదనే ఉన్నావా?" అంటారు, తెలియకపోతే "బండి మీదనుంచి పడిపోయాను" అంటారు. గద్వాల సంతకు ఎడ్లబండి వెనక వేలాడుతూ వెళ్ళి రెండుసార్లు పడినవాణ్ణి, ఆ మాట నాకు వెంటనే తలకెక్కింది.

ఇన్ని లెక్కబెట్టి కూడా ఒక మాట దగ్గరకు పోకుండా పక్కకు తప్పుకుంటున్నానని నాకు తెలుస్తూనే ఉంది. ఆ మాట ఆగమాగం.

మా పాలమూరులో తికమకను తికమక అనరు. ఆగమాగం అంటారు. నేత ఇంటి పిల్లవాణ్ణి నేను. గద్వాల చీరెకు ఒళ్ళు నూలు, అంచు పట్టు. రెండు రకాల పోగులనూ మగ్గం మీదనే ఒకదానికొకటి అల్లి కలపాలి. ఆ కలిపేచోట చెయ్యి తడబడితే పోగు చిక్కుపడుతుంది. అప్పుడు మా అమ్మ "ఆగమైపాయె" అనేది. సంతలో నేను తప్పిపోతే "పోరడు ఆగమైండు" అని ఏడిచింది. పరీక్షల ముందు నా ముఖం చూసి "ఎందుకట్ల ఆగమాగం అయితవు బిడ్డా" అన్నది. పోగుకూ, పిల్లవాడికీ, బుద్ధికీ ఒకటే మాట.

ఆ మాటను నేను తరగతిలో నిషేధించాను.

1984లో ఉద్యోగంలో చేరాను. నాగర్‌కర్నూలు తాలూకాలో ఒక పల్లె. రెండే గదుల బడి, ముందు బండలు పరచిన వాకిలి, ఒక వేపచెట్టు. ఆ కాలాన మా జిల్లా పేరు చెబితే దేశమంతటా తెలిసింది ఒక్కటే, పాలమూరు కూలి. ఎక్కడ ఆనకట్ట కట్టినా, ఎక్కడ కాలువ తవ్వినా మనవాళ్ళే. గుంపుమేస్త్రి వచ్చి అడ్వాన్సు ఇచ్చి, లారీలో ఎక్కించుకుపోతాడు. ముసలివాళ్ళు ఇంట్లో మిగులుతారు, పిల్లలు తల్లిదండ్రుల వెంట పోతారు. ఊళ్ళో నీళ్ళు లేక, ఇతరుల ఊళ్ళకు నీళ్ళు తెచ్చే పనికి పోయేవాళ్ళు.

అలా పోయి వచ్చిన పిల్లవాడొకడు నా మూడో తరగతిలో చేరాడు. తొమ్మిదేళ్ళుంటాయి. మహారాష్ట్రలో ఏదో కట్టడం దగ్గర ఏడాది ఉండి వచ్చాడట. హిందీ ముక్కలు, మరాఠీ ముక్కలు, ఇంటి మాటలు కలిపి మాట్లాడేవాడు. చురుకైనవాడే. ఒకరోజు పాఠం చెప్పి, లేపి అడిగాను. లేచి నిలబడి, చేతులు కట్టుకొని, ఎంతో మర్యాదగా అన్నాడు:

"ఆగమాగమైతుంది సారూ."

పిల్లలు నవ్వారు. నాకేమో కొత్త ఉద్యోగం, కొత్త పాంటు, నోటినిండా పుస్తకాల భాష. గద్వాలలో మా ఇంటి మాటలు బయటపడకుండా నేను ఎంత కష్టపడి నాలుక తిప్పుకున్నానో నాకే తెలుసు. ఆ మాట వాడి నోట వినేసరికి నన్నెవరో నలుగురిలో గుర్తుపట్టినట్టయింది.

"ఆగమాగం అనకూడదు. నాకు అర్థము కాలేదు అనాలి. ఏదీ, అను."

వాడు ప్రయత్నించాడు. "నాకు అర్తము..." అని ఆగిపోయి, నా ముఖం చూసి, "ఆగమైతుంది సారూ" అన్నాడు మళ్ళీ. మాటవరసకు కాదు, నిజంగానే అవుతున్నది వాడికి. పిల్లలు మళ్ళీ నవ్వారు.

"వచ్చేదాకా బయట నిలబడు" అన్నాను.

వాడు పోయి వాకిట్లో నిలబడ్డాడు. ఫిబ్రవరి ఎండ; మరీ తీవ్రమైనదేమీ కాదు. చెట్టు నీడకు పొమ్మని చెప్పలేదు గనుక వాడు నీడకు పోలేదు. కిటికీలోంచి కనబడుతూనే ఉన్నాడు. నేను లోపల పాఠం కొనసాగించాను. వాడికి నా గొంతు వినబడుతూనే ఉండి ఉంటుంది. గంట కొట్టాక చూస్తే లేడు. మరునాడు రాలేదు. ఆ తరువాతా రాలేదు. మూడు వారాలకు గుంపుమేస్త్రి లారీ వచ్చి వాళ్ళింటిల్లిపాదినీ తీసుకుపోయిందని విన్నాను.

నేను బయట నిలబెట్టినందువల్లనే వాడి చదువు పోయిందని చెప్పుకోవడం కూడా ఒకరకం గొప్పే. లారీ ఎలాగూ వచ్చేది. అడ్వాన్సు ఎలాగూ తీసుకొని ఉన్నారు. కాని ఆ మూడు వారాలు వాడు ఊళ్ళోనే ఉన్నాడు. నేను వాళ్ళ ఇంటికి పోలేదు. పోవాలని తోచలేదు కూడా. అది నిజం.

ఇందులో సిగ్గుపడవలసినది ఇంకొకటి ఉంది. సురవరం ప్రతాపరెడ్డిగారు మా గద్వాల ప్రాంతంవారు. వనపర్తి నుంచే 1952లో శాసనసభకు ఎన్నికైనారు. నైజాం తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా 1934లో గోలకొండ కవుల సంచిక తీసి, మూడు వందల యాభై నలుగురు కవులను లెక్కజెప్పిన మహానుభావుడు. ఆ కథ నేను ప్రతి ఏటా పిల్లలకు ఆవేశంగా చెప్పేవాణ్ణి. ఇక రిటైరయ్యే ముందు, ఏటా సెప్టెంబరు 9న, కాళోజీ జయంతినాడు, తెలంగాణ భాషా దినోత్సవ సభల్లో మన యాసకు సాటి లేదని మైకు ముందు ఎన్నిసార్లు చెప్పానో! ఎన్నడూ ఆ పిల్లవాడు జ్ఞాపకం రాలేదు. ఎస్పోలో, ఆ రాత్రి, "వాకిట్లో ఉన్నాడు" అన్న మాటకు అర్థం విన్నాక వచ్చాడు.

ఆ మాట అలా ఎందుకు పుట్టిందో మావాడు చెప్పలేకపోయాడు. నేను మాత్రం కిటికీ దగ్గర నిలబడి కింద చూశాను. ఎవరి పిల్లలో కట్టిన మంచుతాత ఒకడు వాకిట్లో ఉన్నాడు. చుట్టూ అన్ని ఇళ్ళలోనూ దీపాలు. లోపలివాళ్ళు మాట్లాడుకుంటున్నారు, తింటున్నారు. వాడికి కళ్ళున్నాయి, ముక్కుంది, అన్నీ కనబడుతున్నాయి; లోపలి మాట ఒక్కటీ చెవిన పడదు. ఇంతకంటె వివరణ నాకు అక్కర్లేకపోయింది.

ఇక్కడితో నాకు బుద్ధి వచ్చిందనుకుంటున్నారేమో. రాలేదు.

ఆ మరునాటి నుంచి మనుమడికి తెలుగు అక్షరాలు చెప్పడం మొదలుపెట్టాను. నేను వాడి భాషలో వాకిట్లో నిలబడితే నిలబడ్డాను, వాడు మాత్రం నా భాషలో నిలబడకూడదని. రోజూ సాయంత్రం గంటసేపు. అ, ఆ, ఇ, ఈ అయ్యాయి. గుణింతాలకొచ్చాము. వాడు ఓపికగా రాసేవాడు. "క"కు కొమ్ము ఇస్తే "కు" అని వంద సార్లు చెప్పాను. ఒకరోజు ఐదోసారి తప్పు రాశాడు. నా గొంతు కొంచెం పెరిగింది. ముప్పయ్యయిదేళ్ళ గొంతు అది. వాడు పెన్సిలు కింద పెట్టి, కళ్ళనిండా నీళ్ళతో,

"తాతా, మ్యా ఓన్ ఇహన్ పిహల్ల" అన్నాడు.

వాళ్ళ పుస్తకాల్లో "నేను ఉన్నాను" అనడానికి "మినా ఒలెన్" అని ఉంటుంది. నోట్లో అది "మ్యా ఓన్" అవుతుంది. వాళ్ళకూ రాసే భాష వేరు, మాట్లాడే భాష వేరు. మన గిడుగువారు అక్కడ పుట్టినా చేతినిండా పని ఉండేది. నా నోటుపుస్తకంలో ఉన్నది మొదటి రకం. వాడన్నది రెండోది. "మినా ఒలెన్ అనాలి" అని నా నాలుక చివరిదాకా వచ్చింది. నిజంగా వచ్చింది. ముసలితనంలో కూడా రోగం కుదరలేదు చూడండి.

నాలుక కరుచుకున్నాను. ఏమనాలో తోచక, "నేను కూడా ఆగమాగం అవుతున్నారా" అన్నాను.

వాడు కళ్ళు తుడుచుకొని, "ఏంటి?" అన్నాడు.

"ఆగమాగం. పిహల్ల అన్నా ఆగమాగం అన్నా ఒకటే."

"ఆ-గ-మా-గం" అని కూడబలుక్కున్నాడు. నవ్వొచ్చింది వాడికి. మళ్ళీ అన్నాడు. సోఫా చుట్టూ పరుగెత్తుతూ అన్నాడు. తల్లి వంటింట్లోంచి వచ్చి "ఏమిటండీ మావయ్యగారూ ఈ గోల?" అంటే, "అమ్మా, నువ్వు ఆగమాగం!" అన్నాడు. ఆరేళ్ళలో వాడు ఆమెతో పూర్తిగా తెలుగులో అన్న మొదటి వాక్యాల్లో అదొకటని కోడలు చెప్పింది. తెనాలి పిల్ల, ఆ మాట పుట్టింట్లో ఎన్నడూ వినలేదట. అయినా మురిసిపోయింది.

పలక మూసేశాము. బూట్లు తొడుక్కుని ఇద్దరం వాకిట్లోకి దిగాము. నేను మంచు తీసి ఉండ చేయబోతే ఇసుకలాగా రాలిపోయింది. వాడు నా అజ్ఞానానికి తల ఊపి, ఈ మంచు పనికిరాదన్నాడు. చలి మరీ ఎక్కువైతే మంచు పొడిగా ఉండి అంటుకోదట. చలి తగ్గి కొంచెం చెమ్మగిల్లితేనే ఉండ నిలుస్తుందట. అలాంటి మంచుకు ప్రత్యేకంగా "నువోస్క" అని పేరు. పిండి తడిపే పాకం తెలిసినట్టు ఆరేళ్ళవాడికి మంచు పాకం తెలుసు. నాలుగు రోజులాగాక, నువోస్క పడ్డది. తలా ఒక చెయ్యి వేసి మంచుతాతను నిలబెట్టాము. నా టోపీ పెట్టాడు. కళ్ళజోడు కూడా అడిగాడు గాని ఇవ్వలేదు.

ఆ తరువాత మా పాఠాలన్నీ వాకిట్లోనే. ఏ వేళకు ఏ భాష అన్న నియమం లేదు. వాడికి తెలియని మాట వస్తే ఆగమాగం అనేవాడు, నాకు తెలియనిదైతే నేను పిహల్ల అనేవాణ్ణి. ఎవరిది తప్పు రైటు అనేది చూడలేదు. గుణింతం పూర్తి కాలేదు. "గ" దగ్గర ఆగింది. ఫిబ్రవరి నెలాఖరున తొంభై రోజులూ నిండకముందే నన్ను విమానం ఎక్కించారు.

ఇప్పుడు వనపర్తిలో ఉన్నాను. ఎండలు ముదిరాయి. ఆదివారం ఆదివారం వాడు ఫోనులో కనబడతాడు. మంచుతాత మార్చిలోనే కరిగిపోయాడని, టోపీ మాత్రం జాగ్రత్త చేశానని మొదటే చెప్పాడు. పోయిన ఆదివారం కొత్త కబురు చెప్పాడు. వాళ్ళ బడిలో ఇంకేదో దేశం నుంచి వచ్చిన పిల్లవాడు చేరాడట. ఫిన్నిష్ ఒక్క ముక్క రాదట.

"వానికి నేను ఒక మాట చెప్పిన తాతా."

"ఏం మాట?"

"ఆగమాగం."

"అది తెలుగు గదరా! అక్కడ ఎవరికి తెలుస్తుంది?"

"వానికి వచ్చింది. ఇప్పుడు అందరూ అంటరు."

నాకు ఎందుకో గొంతు పట్టుకుంది. కొంతసేపటికి, "వాడు ఎక్కడుంటడు? వాకిట్లో ఒక్కడే నిలబడుతున్నడా?" అని అడిగాను.

వాడికి ప్రశ్న అర్థమైనట్టు లేదు. ముక్కు తెరకు ఆనించి నన్ను పరీక్షగా చూశాడు.

"ఆట బెల్లు కొడితే అందరం పిహల్లనే ఉంటం తాతా. వాన్ని ఒక్కన్ని ఎట్లుంచుతరు?"